వీరులు నూరిన రాయి

కత్తులకు సాన పట్టడం ఆమె వృత్తి. అందుకే బజారంతా ఆమెను సానత్త అంటుంది. సొంత అల్లుడూ అలాగే పిలుస్తాడు. అలా పిలిచే హక్కు నిజానికి అతనొక్కడిదే.

పాత కోటలో మిగిలింది ఒక్క గుమ్మం. ఆ నీడలో మొదట సానత్త వాళ్ల అత్తగారు కూర్చునేది, తరవాత సానత్త. చక్రం మీద ఎంత పదును తెచ్చినా, చివర్లో గుమ్మం రాతికేసి రెండుసార్లు నూరితేగాని ఆమె కత్తిని తిరిగి ఇవ్వదు. ఇద్దరూ నూరీ నూరీ ఆ రాతి నిండా గాట్లు పడ్డాయి.

రోడ్డు వెడల్పు చేయడానికి గుమ్మం కూల్చేస్తామన్నారు. ముందు, అది ఉంచదగ్గదేనా అని చూడ్డానికి ఆఫీసు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు.

"పాతదైతే చాలదమ్మా, చెప్పుకోవడానికి ఏదైనా ఉండాలి," అంటూ రాయి తడిమాడు. "ఈ గాట్లేంటి?"

"అవా? మా అత్త..." అని అల్లుడు మొదలుపెట్టాడు. సానత్త అతని కాలు తొక్కింది.

"యుద్ధానికెళ్తూ వీరులు కత్తులు నూరేవాళ్లంట బాబూ. మా అత్తగారు చెప్పేది."

బతికుండగా ఒక్క అబద్ధం ఆడని అత్తగారు, పోయాక అలా ఒకటి ఆడింది.

గుమ్మం నిలిచింది. రోడ్డే పక్కకు వంగింది. చుట్టూ కంచె, 'రాయిని తాకరాదు' అని బోర్డు, ఒక కాపలావాడు వచ్చారు.

"లే సానత్తా, ఇక్కడ కూర్చోకూడదు."

"నేను కాపాడిన గుమ్మంరా ఇది!"

"కాపాడావు కదా, ఇంక పాడుచెయ్యకు."

ఇప్పుడామె కంచె బయట గొడుగు కింద కూర్చుంటోంది. చివరి నూరుడు లేని కత్తిని ఇచ్చేటప్పుడు మనిషి మొహం చూడదు. చూడ్డానికి వచ్చినవాళ్లు మాత్రం ఆమెనే అడుగుతారు.

"ఆ వీరుల సంగతి నిజమేనా పెద్దమ్మా?"

"నిజమే తల్లీ. ఉల్లిపాయ తరగడంలో వాళ్లను మించినవాళ్లు లేరు."

ఒక మధ్యాహ్నం జనం పలచబడ్డాక కాపలావాడు జేబులోంచి కాగితం చుట్టిన కత్తి తీశాడు.

"టమాటా కూడా తెగట్లేదని మా ఆవిడ చంపేస్తోంది అత్తా."

"చక్రం మీద పట్టిస్తా, తే."

"అది మొన్న పట్టావుగా. ఆ చివరిది కావాలంట," అని కంచె తాళం తీసి, బోర్డుకు అడ్డంగా నిలబడ్డాడు.

సానత్త లోపలికెళ్లి పాత గాటులోనే రెండుసార్లు నూరింది. వీరులు ఇంకా యుద్ధానికి వెళ్తూనే ఉన్నారు.