పద్నాలుగో గదిలో థామస్ గారు

ఆ రోజుల్లో నాకు ఖాళీ గదులతో మాట్లాడే అలవాటు ఉండేది. ఇప్పుడు చెబితే నవ్వుతాలుగా ఉంటుంది గాని, అప్పట్లో అది నా చదువు. పరీక్ష పెట్టి, సర్టిఫికెట్ చేతికిచ్చి మరీ నేర్పించిన చదువు. వయసులో ఉన్నప్పుడు నేర్చుకున్న పని చేతులు మరిచిపోవని అంటారు కదా. నా విషయంలో చేతులే కాదు, నోరు కూడా మరిచిపోలేదు. దానివల్ల ఒక స్నేహితుడు ఎంత దూరం కొట్టుకుపోయాడో గుర్తొస్తే, ఈ సంగతి చెప్పేటప్పుడు నవ్వు ఎక్కడ ఆపాలో నాకే తెలియదు.

డిగ్రీ మధ్యలో చతికిలబడి ఊళ్ళో ఊరికే తిరుగుతున్న కాలంలో, పల్లెటూరి కుర్రాళ్ళకు ఉచితంగా హోటల్ పని నేర్పి ఉద్యోగం ఇప్పిస్తారని మా మండలమంతా ఆటోకు మైకు కట్టి చెప్పారు. భోజనం వాళ్ళదే, పడక వాళ్ళదే, యూనిఫాం కూడా వాళ్ళదే. (నేను చేరింది యూనిఫాం కోసం. టై కట్టుకుని ఫోటో దిగాలని చాలా కోరికగా ఉండేది.) తీరా వెళితే శిక్షణ కేంద్రం మూతపడిన పత్తి జిన్నింగు మిల్లులో ఉంది. హోటల్ అన్నది ఎక్కడా లేదు. గోడౌన్ మధ్యలో ప్లైవుడ్ నిలబెట్టి ఒక గది కట్టారు. దానికొక తలుపు, లోపల మంచం, రెండు దిండ్లు, ఒక కెటిల్. ఎంత ఊడ్చినా గాలిలో పత్తి పీచు తేలుతూనే ఉండేది. మాకు నేర్పడానికి హైదరాబాదులో పెద్ద హోటల్లో చాలాకాలం పనిచేసిన ఒకాయన వచ్చారు. నోరు తెరిస్తే 'మా ఫైవ్ స్టార్ల' అనేవారు కాబట్టి ఆయనకు స్టార్ సార్ అని పేరు పెట్టుకున్నాం.

గది ఉంది, పనివాళ్ళం ఉన్నాం, గెస్టే లేడు. ఆ లోటు తీర్చడానికి స్టార్ సార్ మిస్టర్ థామస్ అనే పెద్దమనిషిని పుట్టించారు. తలుపు తట్టాలి, 'హౌస్ కీపింగ్' అనాలి, ఆగాలి, అప్పుడు లోపలికి వెళ్ళి థామస్ గారికి నమస్కారం పెట్టి, ఏం చేస్తున్నామో ఆయనకు చెబుతూ చెయ్యాలి. మా ఇంగ్లీషు సంగతి చూశాక ఆయన, "ముందుగాల తెలుగుల మర్యాద నేర్చుకోండి బిడ్డా, ఇంగ్లీషు తర్వాత చూద్దాం" అన్నారు. అందుచేత థామస్ గారికి తెలుగు బాగా వచ్చు. ఎవరైనా ఆయన కూర్చునే కుర్చీలో కూర్చుంటే స్టార్ సార్ ఒక్క అరుపు అరిచేవారు. ఒకసారి నేనే, "సార్, గది ఖాళీగనే ఉంది కద" అన్నాను. ఆయన కోప్పడలేదు. నా భుజం మీద చెయ్యివేసి, ఎందుకో గొంతు తగ్గించి, "ఖాళీ గది అనేదే ఉండదు బిడ్డా. గెస్ట్ బయటికి పోయిండు, గంతే. ఎప్పుడైనా వస్తడు" అన్నారు. ఆ సాయంత్రం కరెంటు పోయి గోడౌన్ అంతా మసకైనప్పుడు ఆ ప్లైవుడ్ గదివైపు మాలో ఒక్కడూ వెళ్ళలేదు. కొన్నాళ్ళకు థామస్ గారికి మోకాలి నొప్పి వచ్చింది, చక్కెర మానేశారు, ఎడమవైపు దిండు మెత్తగా ఉంటేగాని పడుకోవడం లేదు. ఇవన్నీ ఎవరు చెప్పారో తెలియదు. అందరికీ తెలుసు, అంతే.

ఆ సర్టిఫికెట్‌తో కొన్నాళ్ళు హైదరాబాదులో దుప్పట్లు మడిచి, కరెస్పాండెన్స్‌లో డిగ్రీ గట్టెక్కించి, అప్పో సప్పో చేసి కెనడాలో సార్నియా అనే ఊళ్ళో కాలేజీకి వచ్చాను. బస్సులు అంతంతమాత్రం, కారు లేనివాడు మనిషే కాదు. మా కాలేజీకి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఒక తెలుగు ఆంటీకి పాత మోటెల్ ఉండేది. అక్కడ నాకూ నా రూమ్మేటుకూ పార్ట్ టైం దొరికింది. వాణ్ణి నేను అనంతపురం అని పిలిచేవాణ్ణి, వాడు నన్ను వరంగల్ అనేవాడు. వాడు ఫ్రంట్ డెస్కులో, నేను గదులు, లాండ్రీ. చలికాలంలో వెనక వరస గదులన్నీ మూసేసేవారు. ఆంటీ నాకు ఒకటే పని చెప్పారు: "బాబూ, రోజూ ఓసారి వెనక్కెళ్ళి ట్యాప్స్ తిప్పి చూడు. హీట్ బాగా తగ్గించి పెట్టాను, పైపులు ఫ్రీజ్ అయ్యాయంటే మన పని అయిపోయినట్టే."

అలా వెళ్ళాను. సాయంత్రానికే చీకటిపడే కాలం. ఊరి పక్క సరస్సు మీదనుంచి వచ్చే గాలికి తలుపులన్నీ సన్నగా మూలుగుతుండేవి. ఊరి చివర కెమికల్ ప్లాంటు చిమ్నీ మీద మంట ఎగిసినప్పుడల్లా నేలమీది మంచు అంతా నారింజరంగుకు తిరిగి, ఆ వెలుగు కిటికీల్లోంచి గదుల్లోకి వచ్చి గోడల మీద కదిలి వెళ్ళిపోయేది. ఎవరో లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నట్టు. పద్నాలుగో గది ముందు నా చెయ్యి నన్ను అడక్కుండా తలుపు తట్టింది. "హౌస్ కీపింగ్" అన్నాను. ఆగాను. లోపలికి వెళ్ళి, "ఎట్లున్నరు థామస్ గారూ, మోకాలు ఎట్లుంది?" అన్నాను. ఎన్నాళ్ళుగానో తెలిసిన మనిషి కనబడ్డట్టు ప్రాణం లేచొచ్చింది. కాలేజీలో నా ఇంగ్లీషు అర్థంకాక అందరూ 'సారీ?' అని మళ్ళీ అడిగేవారు. థామస్ గారు ఎప్పుడూ 'సారీ?' అనలేదు.

అది రోజూ పనైంది. పక్క సర్దడం, దిండు మార్చడం, మంచం కింద నా పాత చెప్పులు పెట్టడం, కెటిల్‌లో నీళ్ళు కాచి చక్కెరలేని టీ పెట్టడం, కాసేపయ్యాక పారబోయడం. (పారబోసే ముందు, "చాలా సార్?" అని అడిగేవాణ్ణి.) ఇదంతా స్టార్ సార్ నేర్పిన గొంతుతో. పొట్టలోంచి, నెమ్మదిగా, బరువుగా. అది నా గొంతులా ఉండదు. అనంతపురానికి తెలిస్తే నవ్వి చంపుతాడని లాండ్రీలో డ్రైయర్ ఆన్ చేసి, వెనక తలుపులోంచి దొంగలా వెళ్ళి వచ్చేవాణ్ణి.

ఒకరోజు వాడు లాండ్రీ గుమ్మంలో నిలబడ్డాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"వరంగల్, వెనక గదుల్లో ఎవరో ఉండారురా."

"మూసినయి కదరా."

"అదే చెప్తాండేది. డెస్క్ పక్కన హీటర్ గొట్టం పొయ్యే జాలీ ఉండాది కదా, దాంట్లోంచి మాట్లు వినపడతాండాయి. సాయంత్రమైతే చాలు. అదీ తెలుగులో!"

నమ్మండి, అప్పటికి నాకు తట్టలేదు. ఆ రోజు భయంతో పద్నాలుగో గదికి వెళ్ళి, "థామస్ గారూ, ఇక్కడ ఏందో తిరుగుతుందట, మీరు జర జాగ్రత్త" అని చెప్పాను. మర్నాడు అనంతపురం నా చెయ్యి పట్టుకుని మూలకు లాగాడు. "జాగ్రత్త అన్యాదిరా! ముందు దిండు మార్చమంటారా సార్ అని అడిగింది. ఎంత మర్యాద దెయ్యంరా అది!"

అప్పుడు తెలిసింది నాకు, ఆ దెయ్యం నేనేనని. నవ్వు తన్నుకొచ్చింది. చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. అంతలో వాడు, "అది అడిగేదానికి నాకు భయం లేదురా. లోపలినుంచి జవాబు వస్తాది చూడు, అది వింటే నా పానం పోతాంది" అన్నాడు.

"జవాబా? ఏమని?"

"మాట కాదు. ఊఁ అన్నట్టు. పెద్దాయన ఎవరో మూలిగినట్టు."

తెరిచిన నోరు మూసుకున్నాను. మాట్లాడేది నేనే. కాని జవాబు నేనెప్పుడూ ఇవ్వలేదు.

ఆ సాయంత్రం గదిలో టీ పెట్టి, చెవులు రిక్కించి నిలబడ్డాను. ప్లాంటు మంట ఎగిసింది, కుర్చీ నీడ గోడ మీద పొడుగై తగ్గింది. "ఇంకేమన్న కావాల్నా సార్?" అన్నాను, సగం గొంతుతో. ఏమీ లేదు. వెనక్కి తిరిగి తలుపు మీద చెయ్యి వేశాక వినబడింది. ఊఁ... అని, తృప్తిగా. లాండ్రీ దాకా ఎలా వచ్చానో గుర్తులేదు. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళాను. వెళ్ళకపోతే ఆయన ఏమనుకుంటారో అని.

ఇక్కడినుంచి నేను చేసింది బాగాలేదు. అనంతపురం తిండి తగ్గించాడు, క్లాసులకు రావడం మానేశాడు. ఒకరోజు గోడవైపు తిరిగి పడుకుని, "దెయ్యం కాదేమోలేరా. నాకే బుర్ర చెడిపోతాందేమో. ఎవురూ లేనిచోట తెలుగు వినపడతాండాదంటే ఏమనుకోవాల? వారం ఆఖర్లో ఇంటికి పోతా. చదువు వద్దు, ఏమీ వద్దు" అన్నాడు. వాడి బుర్ర బాగానే ఉందని చెప్పగలిగిన మనిషి ఈ భూమి మీద ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడు పక్కమంచం మీద ఫోను చూసుకుంటున్నట్టు నటించాడు. చెబితే రేపటినుంచి కాలేజీ అంతా నన్ను థామస్ అని పిలుస్తుందని నా భయం. రోజూ పొద్దున్నే లేచి ఇవాళ చెబుతాననుకునేవాణ్ణి. సాయంత్రానికి మాత్రం థామస్ గారికే చెప్పేవాణ్ణి.

ఆ వారంలోనే ప్లాంటులో పెద్ద మరమ్మతు పని పడింది. బయటి ఊళ్ళనుంచి పైపుల పనివాళ్ళు వస్తున్నారని, వాళ్ళ బసకు వెనక వరస మొత్తం చూడడానికి వాళ్ళ సూపర్‌వైజర్ వస్తున్నాడని ఆంటీ హడావుడి పడ్డారు. "ఐస్ మీద నేను నడవలేను. మీరిద్దరూ తీసుకెళ్ళి చూపించండి బాబూ. నీట్‌గా కనబడాలి" అన్నారు. అనంతపురం వద్దన్నాడు. ఆంటీ మొహం చూసి మళ్ళీ తాళాలు తీసుకున్నాడు. పొద్దుటే గదులన్నీ తుడిచాను. ఆయన వచ్చే ముందు పద్నాలుగులో టీ కూడా పెట్టాను. (ఎందుకని అడగకండి. ఇంటికి మనుషులు వస్తున్నప్పుడు ఇంట్లో పెద్దాయనకు ముందు టీ ఇవ్వమా?)

సూపర్‌వైజర్ తలుపుకు సరిపడా మనిషి. ఒక్కో గదిలో తల పెట్టి చూసి 'ఊఁ, బాగుంది' అంటూ నడుస్తున్నాడు. వరండాలో మా ఊపిరి తెల్లగా కనబడుతోంది. అనంతపురం ఒక్కో తలుపు తాళం తీసి, వెంటనే నా వెనక్కి వచ్చేస్తున్నాడు. పద్నాలుగు దగ్గరకొచ్చాం. వాడిమీద జాలితో అప్పుడే అక్కడే నిజం ఒప్పుకున్నానని రాసుకుంటే నాకు గౌరవంగా ఉంటుంది గాని, అది నిజం కాదు. కంగారులో నా చెయ్యి దానంతటది తలుపు తట్టింది. నా పొట్టలోంచి ఆ గొంతు దానంతటది వచ్చింది.

"హౌస్ కీపింగ్. థామస్ గారూ, ఏమనుకోకండి సార్, ఒక్క రెండు నిమిషాలు. దిండు మార్చమంటారా?"

తలుపు తెరిచాను. బల్లమీద కప్పులోంచి ఆవిరి లేస్తోంది. దుప్పటి మూల మడిచి ఉంది. మంచం కింద చెప్పులు, కాళ్ళు పెట్టుకోవడానికి వీలుగా బయటివైపు తిరిగి ఉన్నాయి. ముగ్గురం గుమ్మంలోనే నిలబడ్డాం. అప్పుడు గోడ దగ్గరినుంచి, నిద్రలోంచి లేచినట్టు, ఊఁ... అని వినబడింది.

సూపర్‌వైజర్ వెళ్ళి వంగి, గోడవెంట ఉన్న హీటర్ గొట్టాన్ని అరచేత్తో తడిమాడు. "పైపులో గాలి చేరింది. అంతే" అన్నాడు ఇంగ్లీషులో. లేచి నిలబడి టీ కప్పు వంక చూశాడు, చెప్పుల వంక చూశాడు, నా వంక కొంచెం ఎక్కువసేపు చూశాడు. "ఈ గదిలో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు సార్."

"సరే. మిగిలినవన్నీ తీసుకుంటాను. ఇది మాత్రం వద్దు" అని, కుర్చీవైపు చూడకుండా, టోపీ సర్దుకుని బయటికి నడిచాడు.

అనంతపురం తాళాలు వదిలేసి తలుపుకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు.

"ఆ గొంతు నీదా?"

"నాదే."

"రోజూ?"

"రోజూ."

జిన్నింగు మిల్లు, స్టార్ సార్, మోకాలి నొప్పి, అన్నీ అక్కడే నేలమీద కూర్చుని చెప్పాను. వాడు తిట్టలేదు. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది. అంతా విని, "నాకు పిచ్చి లేదు కదా?" అన్నాడు.

"లేదురా. ఉంటే నాకే ఉంది."

"మరి ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదురా?"

"నవ్వుతవని."

వాడు మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడనుకున్నాను. తల ఎత్తాక చూస్తే ఏడుపూ ఉంది, నవ్వూ ఉంది. "నవ్విచ్చింటే బాగుండు కదరా, నా కొడకా. నేను ఈ దేశానికొచ్చినాక ఒక్కసారన్నా నవ్వింది లేదు" అన్నాడు. తర్వాత ఆ మెత్తటి దిండు తీసి, అలిసిపోయేదాకా నన్ను బాదాడు.

వాడు ఇంటికి వెళ్ళలేదు. ఇప్పుడు రెజైనాలో గవర్నమెంటు ఉద్యోగం. నేను టొరంటోలో, ఎటోబికో వైపు, చిన్న క్లీనింగ్ కంపెనీ నడుపుతూ, కొత్తగా వచ్చిన మన పిల్లలకు పని నేర్పుతుంటాను. వీడియో కాల్‌లో వాడు ఈ కథను తన పిల్లలకు చెబుతుంటే వాళ్ళు ఇంగ్లీషులో ప్రశ్నలు వేసి విరగబడి నవ్వుతారు. మధ్యలో వాళ్ళ నాన్న గోడవైపు తిరిగి పడుకున్న ఆ సాయంత్రం వస్తుంది. అది వాడు చెప్పకుండా దాటేస్తాడు. నా పరువు కోసమే. తెరమీద ఒక మూల చిన్న చదరంలో నా మొహం నాకే కనబడుతుంది, జుట్టు నెరిసి, అందరితోపాటు నవ్వుతూ. పక్కమంచం మీద ఫోను చూస్తున్నట్టు నటించిన ఆ కుర్రవాడి మీద నాకింకా కోపమే. అయినా, ఎవరైనా నవ్వుతారేమోనని అంతగా భయపడిన ఆ వెర్రిమొహాన్ని తలుచుకుంటే, ఏం చెయ్యను, నాకే ముందు నవ్వొస్తుంది.