మెల్లగా నడిచే శవాలు

పాప ఫోనులో జాంబీ సినిమా చూస్తూ పడీపడీ నవ్వుతోంది. "వాటికి పరిగెత్తడం రాదు నాన్నా, అందుకే కామెడీ," అంది.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ప్రొద్దుటూరు నుంచి టీవీ, వీసీఆర్ బాడుగకు తెచ్చుకున్న రోజులు. కిటికీలకు గోనెపట్టాలు కట్టి, పట్టపగలే ఇల్లు చీకటి చేసుకుని, బొరుగులు తింటూ కూర్చునేవాళ్లం. ఒక వేసవిలో తెచ్చిన ఇంగ్లీషు క్యాసెట్‌లో శవాలు లేచి నడిచొస్తాయి. ఒక లావుపాటాయన పారిపోతూ, మధ్యలో ఆగి ఊడిపోయిన చెప్పు వెతుక్కుంటాడు. అయినా శవాలు అందుకోలేవు. ఇల్లంతా ఒకటే నవ్వు.

అంతకు ముందు ఎలక్షన్లప్పుడే, పార్టీ కక్షల్లో, మా నాయనను వేముల దారిలో జీపుతో తరిమి చంపారు. ఆయన పోయాక మా ఇంట్లో నవ్వు వినబడడం అదే మొదలు.

మా జేజి, నాయనను కన్నతల్లి, ఒక్కతే నవ్వలేదు. "ఏందిరా, వాళ్లు అంత మెల్లగా వస్తాండారు?" అని అడిగింది.

"చచ్చినోళ్లు గద జేజీ, పరిగెత్తలేరు," అన్నాను.

"మీ నాయన మీదికి వచ్చినోళ్లు గూడా ఇట్లనే వచ్చింటే, వాడు తప్పించుకుంటాండె గదరా."

ఆ తర్వాత క్యాసెట్‌ను ఎవరూ ఆపలేదు. ఎవరూ నవ్వనూ లేదు.