ఆమె మాట తిరిగి చెప్పాను

లడాఖ్‌లో మా ఆర్మీ పోస్టుకు నవంబరు మొదట్లో చేరాను. పొద్దున పదకొండు. పద్నాలుగు వేల ఆరువందల అడుగులు. మైనస్ పద్దెనిమిది. వీపున ఇరవై రెండు కిలోలు. బంకర్లో నలుగురం. ఆదివారం మధ్యాహ్నం శాటిలైట్ ఫోను, మనిషికి ఐదు నిమిషాలు. ఊళ్లో అందరూ మంచు గురించి, శత్రువు గురించి అడుగుతారు. నన్ను ఓడించింది ఆ ఫోనే.

మూడో ఆదివారం గద్వాల నుంచి నా భార్య మంజుల చెప్పింది, నాలుగో నెలలో కడుపు పోయిందని. నా నోటికి డ్యూటీ మాటలే వచ్చాయి. ఏ డాక్టరు, ఏ మందులు, రిపోర్టు ఎవరి దగ్గరుంది? అన్నిటికీ జవాబిచ్చింది. ఏడవలేదు. తర్వాత రెండు వారాలు ఫోనెత్తలేదు.

బెటాలియన్ డాక్టరు పోస్టుకు వచ్చినప్పుడు ఆయనకు చెప్పుకున్నాను. సలహాలివ్వకు, విను, విన్నావని తెలిసేలా ఆమె మాటే తిరిగి చెప్పు అన్నాడు. పక్కనున్న రేడియో ఆపరేటరు నవ్వాడు. "మనం రోజూ చేసేదే కదా భాయ్. ఆర్డరు వినడం, సరిగ్గా విన్నామని తెలిసేలా తిరిగి చదవడం." నాకూ అంతే అనిపించింది.

ఆ ఆదివారం మంజుల ఫోనెత్తింది.

"నాకు నిద్ర పడ్తలేదు."

"నీకు నిద్ర పడ్తలేదు."

"ఎవ్వరితోని మాట్లాడబుద్ధి అయితలేదు."

"ఎవ్వరితోని మాట్లాడబుద్ధి అయితలేదు."

పొల్లుపోకుండా చదివాను, ఆర్డరు చదివినట్టే.

"నన్ను ఎక్కిరిస్తున్నవా?" అంది. కాదనేలోపే పెట్టేసింది.

ఆ సాయంత్రం గాలికి యాంటెనా విరిగింది. పదిహేడు రోజులు ఫోను లేదు. కాపలాలో నిలబడి, కాదే, కాదే అని గాలితో చెప్పుకున్నాను. సిగ్గెందుకు, ఏడ్చాను కూడా.

ఫోను బాగయ్యాక కూడా మా మధ్య ముక్తసరి మాటలే. మార్చిలో సెలవు మీద కొండ దిగాను. గద్వాల దవాఖానలో కౌన్సెలింగుకు ఇద్దరం పోయాం. మేడం మమ్మల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, మనసులో ఉన్నది చెప్పమంది. మంజుల నోరు తెరిచింది, నా ముఖం చూసింది, మూసుకుంది. మూడుసార్లు. లేచి కుర్చీని గోడ వైపు తిప్పుకుంది.

"ఆయన మొకం జూస్తే నాకు మాటొస్తలేదు మేడం. గిట్లైతే చెప్త."

నలభై నిమిషాలు గోడతో చెప్పింది. ఆ రోజు రక్తం చూసి నన్నే కేకేసి పిలిచిందట, ఇంట్లో ఎవరూ లేకపోయినా. ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయాను. వెయ్యొచ్చో లేదో తెలియక జానెడు దూరంలో ఆగిపోయాను.

ఉద్యోగం వదిలి రెండేళ్లు. కళ్లు మూస్తే ఆ వీపు, కదులుతున్న ఆ భుజాలు. నా చెయ్యి ఇంకా ఆ జానెడు దూరంలోనే ఉంది.