పాతికకు మూడు

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ సందు తిరిగినా కోచింగ్ సెంటర్ల బోర్డులే, వాటి నిండా ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలే. వాటి మధ్యనున్న ఒక స్కానింగ్ సెంటర్లో నేను సీటీ మిషన్ నడిపేదాన్ని. కర్మన్‌ఘాట్‌లో ఒక ఆటో డ్రైవరు ఇంట్లో అద్దెకుండేదాన్ని. వాళ్లది నల్గొండ వైపు, మాది కోస్తా. తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది.

"రాష్ట్రమొచ్చినా నువ్వు యాడికి పోవు బిడ్డా. నా పచ్చిపులుసు లేకుంటే నీకు ముద్ద దిగది" అనేది ఇంటావిడ.

"ముందు అందులో కారం తగ్గించండి పిన్నిగారూ, అప్పుడు ఆలోచిస్తాను" అనేదాన్ని. నాకు నోటి దురుసు ఎక్కువ. ఆవిడకి ఇంకా ఎక్కువ. అందుకే ఇద్దరికీ కుదిరింది.

మా వీధిలో బతుకమ్మ పాట ఎత్తేది ఆవిడే. ఆ ఏడు ఉద్యమం వాళ్లు బతుకమ్మను ఎల్బీనగర్ చౌరస్తాలోనే ఆడాలనుకున్నారు. అక్కడా పాట ఎత్తాల్సింది పిన్నిగారేనని చుట్టుపక్కల ఆడవాళ్లంతా తేల్చేశారు. సరిగ్గా ఆ వానల్లోనే ఆవిడకు స్వైన్ ఫ్లూ వచ్చి న్యుమోనియాలోకి దిగింది. దవాఖానలో సీటీ రాసి మా దగ్గరికే పంపారు.

తెర మీద మంచి ఊపిరితిత్తి నల్లగా కనబడుతుంది, లోపల ఉండేది గాలే కదా. జబ్బు చేసిన చోట తెల్లబడుతుంది. ఆవిడకు రెండువైపులా మజ్జిగ ఒలికినట్టుంది. ఊపిరి పీల్చి బిగబట్టమంటే క్షణమైనా పట్టలేక దగ్గింది. బొమ్మ చెదిరితే మళ్లీ తీశాను. గాజు అద్దానికి ఇవతల నేను ఏడ్చిన సంగతి ఆవిడకు తెలియదు.

ఊపిరితిత్తులకు ఐదు భాగాలు. ఒక్కొక్కటి ఎంత మేర పాడైందో చూసి, ఐదుకింత అని వేసి, మా డాక్టరు మొత్తం పాతికకు లెక్క కట్టేవాడు. ఆవిడకు పదహారు వేశాడు. స్కాన్ తీసినవాళ్లం ఫలితం చెప్పకూడదు. ఆవిడ భర్త బాబాయిగారు అడిగితే, డాక్టరుగారు చెబుతారనేసి తల తిప్పుకున్నాను.

జ్వరం తగ్గి ఇంటికొచ్చింది గానీ, గడపలో కూచుని పాట మొదలుపెడితే సగంలోనే ఆయాసం. "ఈసారి పాట ఎత్తుతనా బిడ్డా?" అని రోజూ నన్నే అడిగేది. ముందు మందు వేసుకోండి పిన్నిగారూ అని మాట తప్పించేదాన్ని.

పండగకు వారం ముందు రెండో స్కాన్. ఆ రోజు బంద్. అయినా ముగ్గురం ఆటోలోనే బయల్దేరాం. చౌరస్తాలో కుర్రాళ్లు అడ్డం నిలబడ్డారు. "బంద్ తెల్వదా అన్నా?"

పిన్నిగారు తల బయటపెట్టింది. "నా ఊపిరితిత్తులు సూపిచ్చుకోనీకి పోతున్న. అవి మంచిగుంటెనే ఈడ పాట ఎత్తేది. మరి ఆపుతరా?"

వాళ్లే ముందు నడిచి దారి చేశారు.

ఈసారి మైకులో ఊపిరి బిగబట్టమన్నాను. బల్ల కదిలింది, స్కాన్ అయిపోయింది, "ఇక వదిలేయండి" అన్నాను. వదల్లేదు. మళ్లీ చెప్పాను. ఎప్పటికో వదిలి, "ఎంతసేపు ఆపుతనో సూసుకుంటున్న" అంది తాపీగా.

కాసేపటికి బయటికొస్తే, బాబాయిగారు రిపోర్టు ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూలబడి ఉన్నాడు.

"ఏమైంది బాబాయిగారూ?"

"పాతికకు మూడే ఒచ్చినయమ్మా. పోయినసారి పదహారు. ఫస్ట్ క్లాసని అంజన్న గుడిల కొబ్బరికాయ గూడ కొట్టిన. గిప్పుడు ఫెయిలాయె."

రోజంతా కోచింగ్ పిల్లల్ని ఆటోలో తిప్పే మనిషి, చెవిన పడేవన్నీ మార్కుల మాటలే. నాకు కోపమూ నవ్వూ కలిసే వచ్చాయి. మా సెంటర్ రూలు గంగలో కలిపేశాను.

"అవి చదువు మార్కులు కావండీ బాబూ! పాడైనదాని లెక్క. ఎంత తక్కువొస్తే అంత మంచిది. మూడంటే దాదాపు తగ్గిపోయినట్టే."

ఆయన కాగితం వంక, నా వంక చూశాడు. "మరి పదహారుకు కొట్టిన కొబ్బరికాయ?"

"అడ్వాన్సు అనుకోండి."

తువ్వాలులో మొహం పెట్టుకుని ఏడ్చాడు, మధ్యమధ్య నవ్వాడు. వెనకాలే వచ్చిన పిన్నిగారు సంగతి విని, "బడికి పోని నేను పాసైన. పది సదివిన ఈయన ఫెయిలాయె" అంది.

బతుకమ్మ నాడు చౌరస్తాలో బస్సులు ఆగిపోయాయి. పూల చుట్టూ ఆడవాళ్లు గుంపుగా చేరారు. నన్నూ వరసలోకి లాగారు, నాకు చప్పట్లు సరిగా రాకపోయినా. పిన్నిగారు పాట ఎత్తింది. మొదటి చరణం చివర "ఉయ్యాలో" అని తీసి, ఇక ఆపలేదు. గొంతు అలా సాగుతూనే ఉంది. తెర మీది ఆ తెలుపు నా కళ్ల ముందుకొచ్చింది. దగ్గొస్తుందేమో, తెగిపోతుందేమో అని చప్పట్లు మరిచి నిలబడిపోయాను. తెగలేదు. ఆవిడే తీరిగ్గా ముగించింది, అంతా అందుకున్నారు.

తిరుగుతూ నా దగ్గరికొచ్చినప్పుడు నా వీపు మీద చెయ్యి వేసింది.

"ఇగ ఊపిరి ఒదులు బిడ్డా."