తలాపు గోడ

మా పక్కింటి పెద్దమ్మ పోయిన నెల చనిపోయింది. పొద్దున టీ ఇద్దామని తలుపు తట్టాను, పలకలేదు. ఊపిరితిత్తులు బాగా పాడయ్యాయని డాక్టరు ముందే చెప్పాడు.

ఆమె మాకు చుట్టం కాదు. బీడీ కార్మికులకు కట్టిన విడీ ఘర్కుల్ కాలనీలో మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ, కిటికీల పైన సజ్జ కూడా ఒకటే. భర్త పోయాక ఒంటరిగా బీడీలు చుట్టుకుంటూ బతికింది.

నేను కాపురానికి వచ్చిన ఏడాది, మొదటి వానలకే మా కిటికీ కింద గోడంతా తడిసింది. చుట్టిపెట్టిన బీడీలకు బూజు పట్టింది. నానబెట్టిన తునికాకుల మూట నేను ఆ గోడ పక్కనే పెట్టేదాన్ని.

"మూట పిండకుంట పెడ్తవ్. గోడకు చెమ్మ పట్టక ఏమైతది? మీ అమ్మ నేర్పింది గింతేనా?" అని మా అత్త రోజూ తిట్టేది. నాకు ఎదురు చెప్పే నోరు లేదు.

పెద్దమ్మ గోడ అవతల నుంచి విని వచ్చింది. "మూటకు నోరు లేదు, కోడలికి నోరు లేదు. ఇద్దరి మీద పడ్డవా వదినె?" అంటూ మూటను తన ఇంటికి ఎత్తుకుపోయింది. మూట పోయినా గోడ తడుస్తూనే ఉంది.

వాన తెరిపిచ్చి గోడ కొంచెం ఆరాక, చెంబు, కొన్ని ఎండు తునికాకు ముక్కలు పట్టుకుని మళ్లీ వచ్చింది. ముక్కల్ని కిటికీ చుట్టూ సందుల్లో దోపింది. నన్ను బయట నిలబెట్టి నీళ్లు పోయమంది.

"కింది నుంచి పైకి రావాలె బిడ్డా. పై నుంచి పోస్తే అంతా తడుస్తది, దొంగ దొరకడు."

కింద గట్టు మీద పోశాను. లోపల పెద్దమ్మ అక్కడి ఆకు తీసి మడిస్తే పటుక్కున విరిగింది. పక్కల పోశాను, అక్కడి ఆకులూ విరిగాయి. చివరికి సజ్జ మీద పోసి కాసేపు ఆగితే, పైమూల ఆకు విరగకుండా గుడ్డలా మడతపడింది.

"చూసినవా వదినె, దొంగ నెత్తి మీద కూసున్నడు. ఇగ కోడల్ని ఇడిసిపెట్టు!"

మా అత్త నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదలు.

పెద్దమ్మ ఎవరింటి గోడ చూసినా చేతి వెనక భాగం ఆనించేది. బీడీలు చుట్టి చుట్టి వేళ్లు మొద్దుబారాయని, వెనక చెయ్యి మాత్రం అబద్ధం చెప్పదని అనేది.

మా ఆయన సజ్జ మీద సిమెంటుతో వాలు కట్టాడు. నీళ్లు మా గుమ్మం మీద పడకుండా పక్కకు వాల్చాడు. పెద్దమ్మ కింద నిలబడి టీ తాగుతూ ఆఖరిదాకా చూసింది. "మంచిగయ్యింది నాయినా" అని లోపలికి పోయింది.

మా గోడ ఆరింది. రెండు వానాకాలాలు గడిచాయి. ఆమెకు దగ్గు పట్టింది. ఆమె మంచం తలాపున గోడకు నెమలి బొమ్మ చాదర్ ఒకటి వేలాడేది.

"కప్పుకోక గోడకేస్తివేంది పెద్దమ్మా?"

"మా ఆయన నేసిండు. పండుకునే ముంగట చూసుకుంట తియ్."

నేను నమ్మాను.

ఆమె పోయాక ఇల్లు కడగడానికి వెళ్లి ఆ చాదర్ తీశాను. వెనక గోడ సజ్జ నుంచి తలగడ దాకా నల్లగా ఉంది. నాలుగు రోజులు వాన లేక కాస్త ఆరాక చెంబు తీసుకున్నాను. గట్టు మీద, పక్కల, ఆమె వైపు సజ్జ మీద పోశాను. ఎక్కడా రాలేదు. చివరికి మా వాలు మీద పోశాను. నేను లోపలికి వెళ్లేసరికి ఆమె గోడ మీద నీళ్లు జారుతున్నాయి.

ఊళ్లో అందరి గోడలు చూసిన మనిషి. మొదటి వానకే తెలిసి ఉంటుంది. చెబితే వాలు తీసేయాలి, మా గోడ మళ్లీ తడవాలి, ఆ మాటలన్నీ మళ్లీ నా మీద పడాలి. అందుకే చెప్పలేదని నేను అనుకుంటున్నాను. అడగడానికి ఆమె లేదు.

"ఇప్పుడు వాలు పలగ్గొడ్తే ఆమె వస్తదా?" అన్నాడు మా ఆయన.

"రాదు. పలగ్గొట్టున్రి" అన్నాను. మా అత్త వాకిట్లోనే ఉంది. లోపలికి పోయి సుత్తె తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది.

కొత్తగా కట్టిన వాలు మీంచి ఇప్పుడు నీళ్లు వీధి వైపు, మా గుమ్మం మీదే పడుతున్నాయి. ఆమె గోడ మెల్లగా ఆరుతోంది. ఆరే చోట లోపలి ఉప్పు తెల్లగా పైకి వస్తోంది, సరిగ్గా తలగడ ఎత్తున. రోజూ పోయి గుడ్డతో తుడుస్తున్నాను. తెల్లారేసరికి మళ్లీ వస్తోంది.