బోర్డు కింద మనుషులు

మా బావ కోర్టు బంట్రోతు. ముప్పై ఒక్క ఏళ్ళుగా మెజిస్ట్రేటు కోర్టు గుమ్మంలో నిలబడి కక్షిదారుల పేర్లు కేకేయడమే ఆయన ఉద్యోగం. ఆయన గొంతెత్తితే రోడ్డవతల టీ కొట్టులో ఉన్నవాడు కూడా గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తుకొచ్చేవాడు. అదే మనిషికి ఇంట్లో నోట్లో నాలుక ఉండదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పడానికి మా అక్క మొహంకేసి రెండు మూడుసార్లు చూసి, చివరికి చెప్పకుండానే తినేసి లేస్తాడు. నేను ప్లీడరు గుమాస్తాగా అదే కోర్టులో తిరుగుతాను కాబట్టి ఆయన రెండు గొంతులూ నాకు తెలుసు. రెండింటినీ వెక్కిరించే హక్కు బావమరిదిగా నాకుంది. దాన్ని నేను ఏనాడూ వదులుకోలేదు.

కోర్టులో పేరు మూడుసార్లు పిలవాలి. మూడో కేకకీ పలక్కపోతే గైర్హాజరు. ముద్దాయి అయితే వారంటు. బావ మొదటి రెండు కేకలూ వెంటవెంటనే వేసేవాడు. మూడోది వేసేముందు మాత్రం ఆయనకి ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి. దగ్గేవాడు. కళ్ళజోడు తుడుచుకునేవాడు. వరండా చివరిదాకా నడిచి మెట్ల మీంచి కిందికి తొంగిచూసేవాడు. ఎవరైనా ఆయాసపడుతూ ఎక్కి వస్తుంటే, వాళ్ళు గుమ్మం తొక్కేదాకా ఆ దగ్గు తగ్గేది కాదు. లోపల పాత మెజిస్ట్రేటుగారికి ఈ సంగతి తెలుసు. ఆయన కూడా ఆ కాసేపూ పెన్నులో సిరా దిగనట్టు విదిలించుకుంటూ కూర్చునేవారు.

ఆ రోజుల్లో మెజిస్ట్రేటంటే ఊరంతటికీ ఇంటిపెద్ద లాంటివాడు. దొంగతనాలూ, మొగుడూ పెళ్ళాల తగువులూ, పక్కింటి గోడ పేచీలూ అన్నీ ఆ ఒక్క బల్ల దగ్గరికే వచ్చేవి. సగం కేసుల్లో ఇద్దరినీ నిలబెట్టి చెడామడా తిట్టి, "పొండి, మళ్ళీ కనిపించారంటే ఊరుకోను" అని పంపించేసేవారు. ఇప్పుడు కుటుంబ తగాదాలకి ఒక కోర్టు, చెక్కులకి ఇంకొకటి, రాజీలకి వేరే గది. జరిమానా ఫోన్లోనే కట్టేయొచ్చు. రిమాండు ఖైదీని జైలు నుంచే తెర మీద చూపించేస్తారు. కొత్త మెజిస్ట్రేటుగారికి ముప్పై ఏళ్ళుంటాయేమో. రోజుకి తొంభై కేసులు ఆవిడ ముందుకొస్తాయి, నెలకి ఇన్ని తేల్చాలని పైనుంచి ఒత్తిడి. మనిషి మంచిదే. తలెత్తి చూసే తీరికే లేదు పాపం.

ఆ తెర వచ్చాకే బావకి కష్టాలు మొదలయ్యాయి. ఒకరోజు ఆయన గుమ్మంలో వేసిన కేక మైకులో దూరి జైలు గదిలో మోగింది. అక్కడ కునుకు తీస్తున్న ఖైదీ ఉలిక్కిపడి లేచి, తనది కాని పేరుకి "హాజర్!" అని అరిచాడు. కోర్టంతా పగలబడి నవ్వింది. వారం తిరిగేసరికి బావ చేతిలో మెమో పడింది. ఇకమీదట కేకలు వేయకూడదు, మళ్ళీ నోరు విప్పితే రికార్డు గదికి పంపేస్తారు. వరండాలో గోడకి బోర్డు బిగించారు. కేసు నంబరు దాని మీద ఎర్రగా మూడుసార్లు వెలిగి ఆరిపోతుంది, దానికి దగ్గు రాదు. బావకి తలుపు తీయడం, మంచినీళ్ళు అందించడం మిగిలాయి.

"పోనీలే బావా, ఆ గొంతు దాచుకుంటే అక్కతో పోట్లాడ్డానికి పనికొస్తుంది" అన్నాను. ఆయన నవ్వలేదు. నాకు చాలా జాలేసింది.

మొన్న మంగళవారం మా ప్లీడరుగారి కక్షిదారు ఒకావిడ వాయిదాకి వచ్చింది. ఆసుపత్రిలో ఆయా. చెత్తబుట్ట దగ్గర పక్కింటావిడతో మాటా మాటా పెరిగి చెంపదెబ్బ దాకా వెళ్ళిన కేసు, ఈవిడే ముద్దాయి. కిందటి వాయిదాకి డ్యూటీ వల్ల రాలేకపోతే, ప్లీడరుగారు ఎలాగో గడువు అడిగి వారంటు ఆపించారు. ఈసారీ రాకపోతే వారంటు ఖాయం. పోలీసులు ఆసుపత్రి గుమ్మం ఎక్కితే ఆ పూటే పనిలోంచి తీసేస్తానని అక్కడి మేనేజరు ముందే చెప్పేశాడు. ఇద్దరు ఆడపిల్లలు ఆమె జీతం మీదే చదువుకుంటున్నారు.

ఆ పొద్దున ప్లీడరుగారు వేరే ఊరి కోర్టుకి వెళ్ళారు. నాకు రెండు కోర్టుల్లో పని, ఉరుకుల పరుగుల మీద ఉన్నాను. నంబరు రాసిన చీటీ ఆమె చేతిలో పెట్టి, "ఇక్కడే కూర్చో అమ్మా. ఆ బోర్డు చూస్తూ ఉండు. నీ నంబరు పడగానే లోపలికెళ్ళు" అన్నాను. ఆమె తలూపింది. చదవడం వచ్చా అని అడగాలని నా మట్టిబుర్రకి తట్టలేదు. ఇరవై ఏళ్ళ అనుభవం నాది, ఏం లాభం!

నేను తిరిగొచ్చి గుమ్మంలో కాలు పెట్టేసరికి మెజిస్ట్రేటుగారు ఆమె కేసులో "గైర్హాజరు, వారంటు" అంటున్నారు. బెంచి క్లర్కు రాసుకుంటున్నాడు. గిర్రున వెనక్కి తిరిగాను. ఆమె సరిగ్గా బోర్డు కిందే, చీటీ గుప్పిట్లో పెట్టుకుని, కళ్ళప్పగించి ఆ ఎర్ర అంకెల్నే చూస్తూ కూర్చుంది. కోర్టులో గుమాస్తా నోరెత్తకూడదు.

తలుపు పక్కనున్న బావ నా మొహం చూశాడు. ఆమెని చూశాడు. తలుపుకి అంటించిన జాబితా చూశాడు. ఆ తర్వాత ఆమె పేరు, తండ్రి పేరుతో సహా, కిటికీ అద్దాలు అదిరిపోయేలా ఎత్తుకున్నాడు. రెండో కేక అక్కర్లేకపోయింది.

"ఉన్నానయ్యా, ఇక్కడే ఉన్నా!" అంటూ ఆమె చెప్పులు వదిలేసి లోపలికి పరుగెత్తింది.

తెర మీద జైలు ఉద్యోగి చెవులు మూసుకున్నాడు. మెజిస్ట్రేటుగారు తలెత్తారు.

"ఎవరు అరిచింది?"

"నేనే మేడం" అన్నాడు బావ.

"మీకు మెమో ఇచ్చారు కదా?"

"ఇచ్చారు మేడం. జేబులోనే ఉంది."

"మరి?"

"ఆమె పొద్దుటి నుంచీ బోర్డు కిందే కూర్చుంది మేడం."

ఆవిడ ఆయా వైపు తిరిగారు. "నంబరు పడితే ఎందుకు రాలేదమ్మా?"

"నాకు అక్షరమ్ముక్క రాదమ్మా. ఎవరో ఒకరు పిలుస్తారులే అనుకున్నా."

మెజిస్ట్రేటుగారు ఆ వారంటు కొట్టేశారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆవిడ మాత్రం తర్వాతి ఫైలు అందుకోలేదు.

"ఈ పొద్దున ఇంకెన్ని వారంట్లు ఇచ్చాం?" అని క్లర్కుని అడిగారు.

"ఏడు, మేడం."

ఆవిడ జాబితా పట్టుకుని వేదిక దిగి గుమ్మం దాకా వచ్చారు. కోర్టు నడుస్తుండగా మెజిస్ట్రేటు గుమ్మంలోకి రావడం నేనెప్పుడూ చూడలేదు. జాబితా బావ చేతికిచ్చి, "ఈ ఏడు పేర్లూ పిలవండి, ఇదివరకు ఎలా పిలిచేవారో అలాగే" అన్నారు.

బావ పిలిచాడు. ఏడుగురిలో నలుగురు ఆ వరండా బెంచీల మీంచే లేచారు. ఒకాయనకి కళ్ళజోడు లేదు. ఒకావిడ పాత నంబరు కోసం ఎదురుచూస్తోంది. మరొకతను ఏ బోర్డు గురించీ ఎరగడు. ఆఖరున ఒక ముసలాయన గోడ పట్టుకుని మెల్లగా లేచాడు. మెజిస్ట్రేటుగారు నలుగురి వారంట్లూ అక్కడికక్కడే రద్దు చేశారు.

సాయంత్రం మెట్లు దిగుతూ, "బావా, ఇవాళ నిన్ను చూస్తే ఎంత గర్వంగా ఉందో తెలుసా!" అన్నాను. మనసులో ఉన్నదే అన్నాను, వెక్కిరింత కాదు.

ఆయన మెట్టు మీదే ఆగిపోయాడు.

"వాళ్ళందరికీ మంచినీళ్ళిచ్చింది నేనేరా. ఆ ముసలాయన గ్లాసు తిరిగిస్తూ, తన పేరు చెప్పి, 'నన్నెప్పుడు పిలుస్తారు బాబూ' అని అడిగాడు కూడా. జాబితాలో ఆయన పేరు నాకు కనిపిస్తూనే ఉంది. బోర్డు చూడు తాతా, అన్నాను."

ఆ చివరి మాట, పక్కనే నిలబడ్డ నాకే సరిగ్గా వినపడలేదు.