నీళ్ళు పారాలి

మా మేనత్త ప్రసూతి వార్డులో ముప్పై నాలుగేళ్ళు నర్సుగా పనిచేసింది. అక్కడ అందరూ ఆమెను కొలతల సిస్టర్ అనేవారు. మందు ఒక్క చుక్క ఎక్కువ పడనివ్వదు, తక్కువ పడనివ్వదు. ఇంట్లోనూ అదే వరస. టీ పొడి చెంచాతో తీసి, వేలితో చదును చేసి మరీ వేస్తుంది. "మా చెల్లి చేతి టీ తాగాలంటే డాక్టరు చీటీ ఉండాలి" అని మా నాన్న వెక్కిరించేవాడు.

అలాంటి మనిషి నా విషయంలోనే కొలత తప్పింది. ఆ సంగతి సరిగ్గా నా పెళ్ళికి తొమ్మిది రోజుల ముందు బయటపెట్టింది.

నేను ఏడో నెలలోనే పుట్టాను. తొమ్మిది వందల గ్రాములు. డాక్టరు పెదవి విరిచేశాడు. ఫాదర్ వచ్చేదాకా ప్రాణం నిలవదని అత్తే నాకు జ్ఞానస్నానం ఇచ్చింది. చావుబతుకుల్లో ఉన్న బిడ్డకు ఎవరైనా ఇవ్వవచ్చు. తలమీద నీళ్ళు పారేలా పోస్తూ పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున ఇస్తున్నానని అనాలి. నేను బతికాను. అది మొదలు మా చర్చిలో ఎవరికి బిడ్డ పుట్టినా ముందు అత్త చేతుల్లోనే పెట్టేవారు. ఆ కథ నాకు చెవిలో జోరీగ అయిపోయింది.

పెళ్ళికి జ్ఞానస్నాన పత్రం కావాలి. పాత రిజిస్టరులో నా పేరు పక్కన "ఆసుపత్రిలో, నర్సు చేత" అని మాత్రమే ఉంది. కొత్తగా వచ్చిన ఫాదర్ తన ఆఫీసు గదిలో ఒక కాగితం రాసి అత్త ముందు పెట్టారు.

"నీళ్ళు పోసి ఇచ్చానని సంతకం చెయ్యండమ్మా, చాలు."

అత్త కళ్ళజోడు పెట్టుకుని చదివింది. కలం మూత తీసింది. మళ్ళీ పెట్టేసింది.

"నీళ్ళు పోయలేదు ఫాదర్. తడి దూదితో నుదుట అద్దాను. నీళ్ళు పారాయని నేను చెప్పలేను."

మా అమ్మ ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. పక్క కుర్చీలో పెళ్ళికొడుకు తల్లి ఉన్నారు. "అయితే పెళ్ళి ఆగుతుందా?" అని ఆవిడ అడగడం విన్నాను. జవాబు వినేంత ఓపిక నాకు లేదు. అత్తను రెక్కపట్టి వరండాలోకి లాక్కొచ్చాను.

"ఇరవై ఆరేళ్ళు బెల్లం కొట్టిన రాయిలా ఉండి, ఆవిడ ఎదురుగానే చెప్పాలా?"

"అప్పటి ఫాదర్ అంతా సరిగా చేశావా అని అడిగితే అవునన్నాను. మీ నాన్న పక్కనే ఏడుస్తున్నాడు. తరవాత అందరూ పొగుడుతుంటే చెప్పడం ఇంకా కష్టమైంది. తప్పు నాదే."

"సంతకం పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. జ్ఞానస్నానం పొందినవాళ్ళే తీసుకోవలసిన సత్ప్రసాదం నువ్వు మొదటిసారి తీసుకున్న రోజు కూడా తెలుసు. వెనక బెంచీలో కూర్చుని ఏడ్చాను. సంతోషమనుకున్నారు."

"దేవుడికి దూది పనికిరాదా?"

"ఆయన ఒప్పుకునే ఉంటాడు. అది ఆయన ఇష్టం. పారాయని నేను అబద్ధం చెప్పకూడదు."

"మరి పోసి చావలేకపోయావా? నీళ్ళకేం కరువొచ్చింది?"

అత్త అరచెయ్యి చాపింది. "ఇంతే ఉన్నావు. ఒంట్లో వేడి నిలవట్లేదు. చల్లబడితే ఊపిరి ఆగిపోతుంది. కుళాయి నీళ్ళు చేతిలోకి తీసుకున్నాను కూడా. పొయ్యలేకపోయానే."

ఆదివారం పూజ తప్పితే అన్నం సహించని మనిషి. నన్ను బతకనివ్వడానికి చేతిలోని నీళ్ళు వదిలేసి, ఇన్నేళ్ళూ ఆ బరువు ఒక్కతే మోసింది. అరిచినందుకు సిగ్గేసింది.

మేం లోపలికి వెళ్ళాక ఫాదర్ దారి చెప్పారు. జ్ఞానస్నానం రెండుసార్లు ఇవ్వకూడదు. కానీ అనుమానం ఉంటే, "ఇదివరకు పొంది ఉండకపోతే" అన్న మాట చేర్చి ఇవ్వవచ్చు. పెళ్ళి ఆగదు.

"ఈవిడతో వియ్యమంటే కష్టమేనమ్మా, చిన్న అబద్ధం కూడా చెల్లదు" అని పెళ్ళికొడుకు తల్లి నవ్వారు.

మర్నాడు పొద్దున్నే చర్చికి వెళ్ళాం. అత్త ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్ళు తెచ్చింది. మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసుకుని జ్ఞానస్నానపు తొట్టిలో పోసింది. ఇప్పుడు నేను అరవై ఎనిమిది కిలోలు. ఆ మాట నేనన్నా ఆమె వినిపించుకోలేదు.

ఫాదర్ నీళ్ళను ఆశీర్వదించి, మూడుసార్లు నా తలమీద పోశారు. అవి నుదుటి మీదుగా, చెంపల మీదుగా కారి జాకెట్టంతా తడిపేశాయి. అత్త నడుం వంచి, చంటిపిల్ల ముఖంలోకి చూసినట్టు నా ముఖంలోకి చూసింది.

"పారాయా అత్తా?"

"పారాయి" అంది. వెంటనే సంచీలోంచి తువ్వాలు తీసి నా తలకు చుట్టేసింది.

"గట్టిగా తుడుచుకో. చల్లబడతావు."